విదేశీ వాణిజ్యం, చెల్లింపుల శేషం: అభివృద్ధి చెందుతున్న దేశాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

"కరెంట్ ఖాతా లోటు పెరిగింది" అనే వార్త కనబడితే పేజీ తిప్పేసేవాళ్లే ఎక్కువ. కానీ అభివృద్ధి చెందుతున్న దేశాల్లో పెట్రోలు బంకుల ముందు క్యూలు, ఆసుపత్రుల్లో మందుల కొరత, ఉన్నట్టుండి మండిపోయే ధరలు చాలాసార్లు ఆ వార్త దగ్గరే మొదలయ్యాయి. పరీక్షలకు చదివేవారికీ, వార్తలు అర్థం చేసుకోవాలనుకునేవారికీ పనికొచ్చేలా ఈ జవాబులు రాశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: లోటు ఎంత అనేదానికంటే, దాన్ని ఏ డబ్బుతో పూడుస్తున్నారు, ఆ డబ్బు దేనికి ఖర్చవుతోంది అన్నవే ఎక్కువ ముఖ్యం.

చెల్లింపుల శేషం అంటే ఏమిటి?

ఒక దేశంలో ఉండేవాళ్లకూ మిగతా ప్రపంచానికీ మధ్య ఒక ఏడాదిలో (లేదా మూడు నెలల్లో) జరిగిన ఆర్థిక లావాదేవీలన్నిటి లెక్క. ఇందులో ప్రధానంగా రెండు భాగాలుంటాయి. సరుకులు, సేవలు, వడ్డీలు, లాభాలు, విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంటికి పంపే డబ్బు కరెంట్ ఖాతాలోకి వస్తాయి. పెట్టుబడులు, అప్పులు, బ్యాంకు డిపాజిట్లు, కేంద్ర బ్యాంకు దగ్గరి విదేశీ మారక నిల్వల్లో మార్పు రెండో భాగంలోకి వస్తాయి. ఈ రెండో భాగాన్ని మన పాఠ్యపుస్తకాలు మూలధన ఖాతా అంటాయి. ఐఎంఎఫ్ (డాలర్లు అయిపోయిన దేశాలకు అప్పిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి) పద్ధతిలో దానిలో ఎక్కువ భాగం ఆర్థిక ఖాతా కిందికి వెళ్తుంది. ఈ పేజీలో పాత పేరే వాడుతున్నాను.

వాణిజ్య లోటు, కరెంట్ ఖాతా లోటు ఒకటేనా?

కాదు. వాణిజ్య లోటు అంటే సరుకుల ఎగుమతుల కంటే సరుకుల దిగుమతులు ఎంత ఎక్కువ అన్నది మాత్రమే. వార్తల్లో ప్రతి నెలా వచ్చేది ఇదే, అందుకే జనం దీన్ని చూసి కంగారు పడతారు. భారత్‌కు సరుకుల్లో దాదాపు ఎప్పుడూ లోటే. కానీ సాఫ్ట్‌వేర్ వంటి సేవల ఎగుమతులు, ప్రవాసులు పంపే డబ్బు కలిపితే కరెంట్ ఖాతా లోటు చాలా చిన్నదైపోతుంది. ఫిలిప్పీన్స్‌లో కాల్ సెంటర్ల ఆదాయం, నావికులూ నర్సులూ పంపే డబ్బు ఇదే పని చేస్తాయి.

దీనికి వ్యతిరేకంగా కూడా జరగొచ్చు. చమురో రాగో బాగా ఎగుమతి చేసే దేశానికి సరుకుల్లో మిగులు కనిపిస్తుంది. కానీ ఆ గనులు విదేశీ కంపెనీలవైతే లాభాలు బయటికి పోతాయి, పాత అప్పుల మీద వడ్డీలు బయటికి పోతాయి. సరుకుల మిగులు చూసి సంతోషించేలోపే కరెంట్ ఖాతా లోటులోకి జారిపోయి ఉంటుంది.

చెల్లింపుల శేషం ఎప్పుడూ సమతూకంగానే ఉంటుందంటారు. మరి సంక్షోభం ఎలా వస్తుంది?

ఇది రెండు పద్దుల లెక్క. దేశం 100 డాలర్ల సరుకు కొని 80 డాలర్ల సరుకే అమ్మితే, మిగతా 20 ఎక్కడి నుంచో వచ్చి తీరాలి. ఎవరో పెట్టుబడి పెట్టాలి, ఎవరో అప్పివ్వాలి, లేదా కేంద్ర బ్యాంకు తన నిల్వల్లోంచి తియ్యాలి. ఈ మూడిట్లో ఏదో ఒకటి జరుగుతుంది కాబట్టి లెక్క సరిపోతుంది.

పెట్టుబడీ ఆగిపోయి, అప్పూ పుట్టక, నిల్వలూ అడుగంటితే ఏమవుతుంది? అప్పుడూ లెక్క సరిపోతుంది, కానీ 100 డాలర్ల దిగుమతిని బలవంతంగా 80కి కుదించడం ద్వారా. ఆ తగ్గే 20లో డీజిల్ ఉంటుంది, ఎరువులుంటాయి, ఇన్సులిన్ ఉంటుంది. సంక్షోభం అంటే ఇదే. కాగితం మీద అంకెలు అప్పుడూ సమానంగానే ఉంటాయి. వాటిని సమానం చేసేది జనం వదులుకున్న అవసరాలు.

కరెంట్ ఖాతా లోటు ఉండటం తప్పా?

తప్పు కాదు. పేద దేశంలో పొదుపు తక్కువ, రోడ్లు, రైళ్లు, కరెంటు, ఫ్యాక్టరీల అవసరం ఎక్కువ. దేశంలోని పొదుపు కంటే పెట్టుబడి ఎంత ఎక్కువైతే, కరెంట్ ఖాతా లోటు సరిగ్గా అంత ఉంటుంది. అంటే బయటివాళ్ల పొదుపును తెచ్చుకుని ఇక్కడ పెట్టుబడి పెడుతున్నామన్నమాట. అది మంచి పనే కావచ్చు.

దక్షిణ కొరియా 1964లో ఏడాది మొత్తానికి 10 కోట్ల డాలర్ల ఎగుమతులు దాటినందుకే పండగ చేసుకుంది. 1977 నాటికి అవి 1,000 కోట్ల డాలర్లు. ఆ కాలమంతా కొరియా దాదాపుగా లోటులోనే ఉంది, బయట భారీగా అప్పులు చేసింది. కానీ ఆ అప్పులో పెద్ద భాగం ఉక్కు, నౌకలు, రసాయనాల కర్మాగారాల్లోకి వెళ్లింది. అవి సరుకు చేసి, అమ్మి, డాలర్లు తెచ్చాయి. 1986లో కరెంట్ ఖాతా పెద్ద మిగులులోకి వచ్చింది.

థాయ్‌లాండ్ కూడా 1990ల్లో పెట్టుబడి కోసమే అప్పు చేసింది. 1995, 1996ల్లో దాని కరెంట్ ఖాతా లోటు జీడీపీలో 8 శాతం దగ్గర ఉంది. పొదుపు బాగుంది, ప్రభుత్వ బడ్జెట్ కూడా మిగులులోనే ఉంది కాబట్టి భయం లేదనుకున్నారు. అయితే బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ తెచ్చిన డాలర్ల అప్పులో చాలా భాగం తక్కువ గడువుది, అది పోయింది రియల్ ఎస్టేట్‌లోకి. ఖాళీ అపార్ట్‌మెంట్లు డాలర్లు సంపాదించలేవు కదా. 1997 జూలై 2న థాయ్‌లాండ్ తన కరెన్సీ బాత్‌ను మార్కెట్‌కు వదిలేయాల్సి వచ్చింది. డాలరుకు 25 దగ్గరున్న బాత్, 1998 జనవరికి 50 దాటి పడిపోయింది. ఆ దెబ్బ ఇండోనేసియా, మలేసియా, చివరికి కొరియా దాకా పాకింది.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదవమని విద్యార్థులందరికీ చెప్తాను. లోటు రెండు చోట్లా ఉంది. దాంతో ఏం కట్టారన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

జీడీపీలో ఎంత శాతం దాటితే ప్రమాదం?

5 శాతం అని ఒక లెక్క ప్రచారంలో ఉంది. హెచ్చరికగా పనికొస్తుంది తప్ప అది గీత కాదు. ఆస్ట్రేలియా 1970ల మధ్య నుంచి 2019 దాకా దాదాపు ఆపకుండా లోటులోనే బతికింది. భారత్‌లో 2012-13లో లోటు 4.8 శాతానికి చేరగానే పెట్టుబడిదారులకు టెన్షన్ మొదలైంది. తన సొంత కరెన్సీలో అప్పు పుట్టించుకోగల దేశానికీ, డాలర్లలోనే తీర్చాల్సిన దేశానికీ ఒకే కొలబద్ద పెట్టలేం.

లోటు పూడ్చే డబ్బులో మంచిదీ చెడ్డదీ ఉంటాయా?

ఉంటాయి. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి అంటే ఫ్యాక్టరీ, గిడ్డంగి, ఓడరేవు. పెట్టినవాడికి భయం వేసినా దాన్ని రాత్రికి రాత్రి మూటగట్టుకుని పోలేడు. నష్టం వస్తే ఆ నష్టంలో వాడికీ వాటా ఉంటుంది. ప్రపంచ బ్యాంకు వంటి సంస్థలిచ్చే దీర్ఘకాలిక అప్పు తీర్చడానికి పదేళ్లో ఇరవయ్యేళ్లో గడువుంటుంది. ఈ రెండూ నెమ్మదైన డబ్బు.

షేర్లలో, బాండ్లలో వచ్చే పోర్ట్‌ఫోలియో పెట్టుబడి వేరు. ఒక బటన్ నొక్కితే వస్తుంది, ఇంకో బటన్ నొక్కితే పోతుంది. అంతకంటే ప్రమాదకరమైనది ఏడాదిలోపే తీర్చాల్సిన డాలర్ల అప్పు. మంచి రోజుల్లో గడువు రాగానే దాన్ని తిరగరాస్తారు, అంటే కొత్త గడువుతో మళ్లీ అప్పిస్తారు. ఒక్కరు తిరగరాయనన్నారంటే మిగతావాళ్లందరూ తలుపు దగ్గరికి పరిగెత్తుతారు. మెక్సికో 1994లో డాలరుతో ముడిపెట్టిన టెసోబోనోస్ అనే స్వల్పకాలిక ప్రభుత్వ బాండ్లను విపరీతంగా అమ్మింది. డిసెంబరులో పెసో విలువ తగ్గించగానే పెట్టుబడిదారులు పారిపోయారు. చివరికి అమెరికా, ఐఎంఎఫ్, ఇతరులు కలిసి సుమారు 5,000 కోట్ల డాలర్ల సాయం ప్రకటించాల్సి వచ్చింది.

ఇందులో అన్యాయంగా అనిపించే సంగతి ఒకటుంది. డబ్బు వెళ్లిపోవడానికి కారణం చాలాసార్లు ఆ దేశంలో ఉండనే ఉండదు. 2013 మేలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ తన బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చని (అంటే మార్కెట్లోకి వదిలే డాలర్లు తగ్గుతాయని) సూచించింది, అంతే. భారత్, ఇండోనేసియా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, టర్కీల కరెన్సీలు కుప్పకూలాయి. ఆగస్టు చివరికి రూపాయి డాలరుకు 68 దాటింది. ఈ దేశాలు అప్పటికి పెద్ద లోటులో ఉన్నాయన్నది నిజం. అయితే ముహూర్తం పెట్టింది మాత్రం వాషింగ్టన్.

సొంత నోట్లు ముద్రించి విదేశీ అప్పు కట్టేయొచ్చు కదా?

అప్పు డాలర్లలో ఉంటే కుదరదు. చాలా దేశాలకు బయటివాళ్లు వాళ్ల సొంత కరెన్సీలో అప్పివ్వరు. ఆర్థికవేత్తలు బారీ ఐకెన్‌గ్రీన్, రికార్డో హౌస్‌మన్ ఈ లోపానికి "ఆది పాపం" అని పేరు పెట్టారు. కరెన్సీ విలువ సగానికి పడితే, అదే అప్పు సొంత కరెన్సీలో రెట్టింపవుతుంది. ఒక్క డాలరు కొత్తగా తీసుకోకుండానే భారం పెరిగిపోతుంది.

ముడి సరుకులు అమ్మే దేశాలు ఎందుకు వెనకబడతాయి?

1950లో ఆర్థికవేత్తలు రౌల్ ప్రెబిష్, హాన్స్ సింగర్ విడివిడిగా ఒకే మాట చెప్పారు: ముడి సరుకుల ధరలు, పారిశ్రామిక వస్తువుల ధరలతో పోలిస్తే దీర్ఘకాలంలో పడిపోతూ ఉంటాయి. అంటే నిన్న కొన్న యంత్రమే రేపు కొనాలంటే ఇంకా ఎక్కువ రాగి తవ్వాలి, ఇంకా ఎక్కువ కాఫీ పండించాలి. ప్రజల ఆదాయం రెట్టింపైతే ఫోన్లు, కార్లు ఎక్కువ కొంటారు కానీ కాఫీ రెట్టింపు తాగరు కదా. దీర్ఘకాలపు ధోరణి ఎంత బలమైనదన్న దాని మీద ఇప్పటికీ వాదన ఉంది. ధరల ఊగిసలాట విషయంలో మాత్రం వాదనే లేదు, నా ఉద్దేశంలో అసలు హాని దానిదే.

జాంబియా సంగతి చూడండి. 1964లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి రాగి పుణ్యమా అని ఆఫ్రికాలో ఆదాయం బాగున్న దేశాల్లో అదొకటి. 1970ల మధ్యలో రాగి ధర కూలింది. ధర మళ్లీ పెరుగుతుందన్న ఆశతో అప్పులు చేశారు. ధర పెరగలేదు, అప్పులు పెరిగాయి. ఇప్పటికీ దాని ఎగుమతి ఆదాయంలో సుమారు 70 శాతం రాగిదే. 2020 నవంబరులో యూరోబాండ్ (విదేశీ పెట్టుబడిదారులకు డాలర్లలో అమ్మిన బాండ్) వడ్డీ కట్టలేక మళ్లీ ఎగవేతదారుగా మిగిలింది.

చిలీ కూడా రాగి దేశమే. అయితే 2001 నుంచి ఒక నియమం పెట్టుకుంది: రాగి ధర దీర్ఘకాలిక అంచనా కంటే ఎక్కువున్నప్పుడు ఆ అదనపు ఆదాయాన్ని ఖర్చు చేయకుండా విదేశీ ఆస్తుల్లో దాచడం. ధరలు మంచి ఊపులో ఉన్న రోజుల్లో ఖర్చు పెంచమని వీధుల్లో ఒత్తిడి వచ్చింది, ప్రభుత్వం లొంగలేదు. 2009లో ప్రపంచమంతా మాంద్యంలో పడ్డప్పుడు అదే నిధి తీసి సొంత ప్రజలకు ఖర్చు పెట్టింది. ఇలాంటి నియమం రాయడం తేలిక, చేతిలో డబ్బున్నప్పుడు పాటించడమే కష్టం. అందుకే చిలీ పాలకుల మీద నాకు గౌరవం.

కరెన్సీ విలువ తగ్గిస్తే ఎగుమతులు పెరిగి లోటు తగ్గుతుందా?

వెంటనే తగ్గదు, చాలాసార్లు మొదట పెరుగుతుంది. పాత ఒప్పందాల ప్రకారం రావాల్సిన సరుకు వస్తూనే ఉంటుంది, దాని బిల్లు మాత్రం పెరుగుతుంది. కొత్త ఆర్డర్లు రావడానికి నెలలు పడుతుంది. తర్వాతైనా తగ్గాలంటే ఎగుమతుల గిరాకీ, దిగుమతుల గిరాకీ ధరలకు తగినంతగా స్పందించాలి. ధర ఒక శాతం మారితే గిరాకీ ఎన్ని శాతం మారుతుందన్న కొలతను వ్యాకోచత్వం అంటారు. ఆ రెండు వ్యాకోచత్వాల మొత్తం ఒకటి కంటే ఎక్కువుండాలన్నదే మార్షల్-లెర్నర్ షరతు.

దేశం దిగుమతి చేసుకునేది ముడి చమురు, మందుల ముడిపదార్థాలు, యంత్రాలు అయితే ధర పెరిగినా కొనక తప్పదు. ఎగుమతి చేసే చొక్కాలో బట్ట, జిప్పు, రంగు దిగుమతివే అయితే, కరెన్సీ పతనం వల్ల వచ్చిన లాభంలో కొంత అక్కడే హరించుకుపోతుంది. పైగా అంతర్జాతీయ వ్యాపారంలో ఎక్కువ బిల్లులు డాలర్లలోనే వేస్తారు కాబట్టి విదేశీ కొనుగోలుదారుడికి ధర అంత త్వరగా తగ్గినట్టు కనిపించదు. అలాగని కృత్రిమంగా బలంగా నిలబెట్టిన కరెన్సీ ఇంకా పెద్ద తప్పు. దాన్ని కాపాడటానికి నిల్వలు కరిగించేసి, అవి అయిపోయాక ఒక్కసారిగా వదిలేయడం ఎన్నో దేశాలు చేశాయి. కొద్దికొద్దిగా తగ్గనిస్తే తగిలే దెబ్బ కంటే ఆ దెబ్బ చాలా పెద్దది.

దిగుమతులు ఆపేస్తే సరిపోదా?

కొంతకాలం నిలిపి ఊపిరి పీల్చుకోవచ్చు. గాట్ (ప్రపంచ వాణిజ్య సంస్థకు ముందునుంచీ ఉన్న అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం)లోని 18వ అధికరణం బి విభాగం, విదేశీ నిల్వలు కరిగిపోతున్న అభివృద్ధి చెందుతున్న దేశాలకు పరిమాణాత్మక ఆంక్షలు (ఎంత సరుకు దిగుమతి కావచ్చో పరిమితులు) పెట్టుకునే వెసులుబాటు ఇచ్చింది. భారత్ దశాబ్దాల పాటు దాన్ని వాడుకుంది. నిల్వలు పెరిగాక ఆ కారణం చెల్లదని అమెరికా వేసిన కేసులో ప్రపంచ వాణిజ్య సంస్థ 1999లో తీర్పిచ్చింది, 2001 ఏప్రిల్ 1 నాటికి మిగిలిన ఆంక్షలు తొలగిపోయాయి.

శాశ్వత విధానంగా మాత్రం ఇది ఎదురు తిరుగుతుంది. విలాస వస్తువులను ఆపగలం. కానీ పేద దేశం దిగుమతుల్లో సింహభాగం ఇంధనం, యంత్రాలు, ముడిపదార్థాలు, ఆహారం. వాటిని ఆపితే ఉత్పత్తే ఆగిపోతుంది. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించింది. సేంద్రియ సాగు, ప్రజారోగ్యం అని కారణాలు చెప్పినా, డాలర్లు మిగులుతాయన్న ఆలోచన కూడా అందులో ఉంది. వరి దిగుబడి పడిపోయింది, డాలర్లు తెచ్చే తేయాకు దెబ్బతింది, చివరికి బియ్యాన్నే దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. కొన్ని నెలలకే నిషేధం ఎత్తేశారు, కానీ రైతు పోగొట్టుకున్న పంట తిరిగి రాలేదు.

కొత్త పరిశ్రమకు కొన్నాళ్లు సుంకాల రక్షణ ఇవ్వడాన్ని నేను వ్యతిరేకించను. కొరియా కూడా ఇచ్చింది, కానీ ఎగుమతులు చేసి చూపించాలని షరతు పెట్టింది. షరతూ గడువూ లేని రక్షణలో కంపెనీలు స్వదేశంలో ఖరీదుగా అమ్ముకోవడానికి అలవాటు పడతాయి, బయట పోటీ పడవు. యంత్రాలకు డాలర్లు ఖర్చవుతాయి, తిరిగి డాలర్లు రావు.

ప్రవాసులు పంపే డబ్బు మీద ఆధారపడొచ్చా?

మిగతా వాటికంటే ఇది నమ్మకమైనది. తిరిగి కట్టక్కర్లేదు, వడ్డీ లేదు, ఇంటి దగ్గర కష్టం వస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. నేపాల్ జీడీపీలో దాదాపు నాలుగో వంతు ఇదే. ఏడాదిలో 10,000 కోట్ల డాలర్లు అందుకున్న తొలి దేశం భారత్, 2022లో. అయితే పనిచేసే చోటే యుద్ధం వస్తే ఒక్కసారిగా ఆగిపోతుంది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అదే జరిగింది. ఇంకో బాధాకరమైన సంగతి, ఈ డబ్బు పంపడానికి అయ్యే ఫీజులు. వాటిని 2030 నాటికి 3 శాతంలోపుకి తేవాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం. ప్రపంచ సగటు ఇంకా దాని రెట్టింపు దగ్గర ఉంది. ఎండలో పనిచేసి పంపే డబ్బులో అంత కోత పడటం అన్యాయం.

విదేశీ మారక నిల్వలు ఎంత ఉండాలి?

పాత కొలత: మూడు నెలల దిగుమతులకు సరిపడా. 1990ల సంక్షోభాల తర్వాత ఇంకో కొలత వచ్చింది: ఏడాదిలోపు తీర్చాల్సిన విదేశీ అప్పంతటికీ సరిపడా. రెండోదే నాకు నమ్మకం, ఎందుకంటే దేశాలను ముంచేది చాలాసార్లు గడువు మీద పడే అప్పే. నిల్వలు ఊరికే రావు. అవి ఎక్కువగా తక్కువ వడ్డీ ఇచ్చే అమెరికా బాండ్లలో ఉంటాయి, అదే దేశం తన అప్పులకు మాత్రం ఎక్కువ వడ్డీ కడుతూ ఉంటుంది.

ఐఎంఎఫ్ దగ్గరికి వెళ్లడం అంటే దేశాన్ని తాకట్టు పెట్టడమేనా?

ఈ ప్రశ్నలో కోపం ఉంది, ఆ కోపానికి కారణాలూ ఉన్నాయి. షరతుల్లో సబ్సిడీల కోత, పన్నుల పెంపు, వడ్డీ రేట్ల పెంపు తరచూ ఉంటాయి, ఆ బరువు ముందుగా పడేది పేదవాళ్ల మీదే. 1997లో ఆసియా దేశాల మీద పెట్టిన షరతులు మరీ కఠినమని తర్వాత చాలామంది ఆర్థికవేత్తలు అన్నారు. మరోవైపు, ఐఎంఎఫ్ వచ్చేసరికే డాలర్లు అయిపోయి ఉంటాయి. అది రాకపోతే కోత ఉండదని అనుకోవడం పొరపాటు. ఏ క్రమమూ లేకుండా పడే కోత ఇంకా ఘోరంగా ఉంటుంది.

భారత్ 1991లో చేరిన స్థితి ఇది: గల్ఫ్ యుద్ధంతో చమురు బిల్లు పెరిగింది, ప్రవాస భారతీయుల డిపాజిట్లు వెనక్కి పోయాయి, నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకే మిగిలాయి. మొదట 20 టన్నుల బంగారం అమ్మకం పద్ధతిలో బయటికి వెళ్లింది. జూలైలో దాదాపు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌లకు తాకట్టు వెళ్లి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చాయి. జూలై 1, 3 తేదీల్లో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ ఐఎంఎఫ్ అప్పు తీసుకోవడంతో పాటు దిగుమతుల లైసెన్సు విధానాన్ని చాలావరకు ఎత్తేశారు. దేశం మళ్లీ ఆ గడప తొక్కలేదు.

పాకిస్తాన్ 1958 నుంచి 20 సార్లకు పైగా వెళ్లింది. ప్రతిసారీ నిల్వలు కొంత పుంజుకున్నాయి, కానీ ఎగుమతులు చేయగల శక్తి పెరగలేదు. శ్రీలంక 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది, ఐఎంఎఫ్ సుమారు 300 కోట్ల డాలర్ల కార్యక్రమాన్ని 2023 మార్చిలో గానీ ఆమోదించలేదు. మధ్యలో గడిచిన దాదాపు ఏడాది కాలం అక్కడి కుటుంబాలు పడిన బాధ చూశాక, ఆలస్యంగా వెళ్లడమే అన్నిటికంటే పెద్ద తప్పు అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఒక దేశం చెల్లింపుల శేషం పట్టిక చేతికొస్తే ముందు ఏం చూడాలి?

మొదట కరెంట్ ఖాతా లోటు, తర్వాత నేరుగా ప్రత్యక్ష పెట్టుబడి వరుస. లోటులో ఎంత భాగాన్ని అది పూడుస్తోందో చూడండి. మిగిలింది పోర్ట్‌ఫోలియో నుంచా, స్వల్పకాలిక అప్పు నుంచా, నిల్వల నుంచా అన్నది చూడండి. నిల్వలు వరుసగా కొన్ని త్రైమాసికాలు తగ్గుతుంటే, మంత్రులు ఏం చెప్పినా ఆ వరుసనే నమ్మండి. దిగుమతుల్లో యంత్రాల వాటా పెరుగుతోందా, వినియోగ వస్తువుల వాటా పెరుగుతోందా అన్నది వాణిజ్య గణాంకాల్లో దొరుకుతుంది, దాన్నీ పక్కన పెట్టుకోండి.

చివర్లో "తప్పులు, వదిలివేతలు" అని ఒక చిన్న వరుస ఉంటుంది. లెక్కకు అందని డబ్బును అక్కడ సర్దుతారు. ఏడాదికోసారి అటూ ఇటూ ఊగితే పట్టించుకోనక్కర్లేదు. ఏళ్ల తరబడి పెద్ద మొత్తాలు రుణాత్మకంగానే వస్తుంటే అనుమానించాలి. దేశంలోని డబ్బున్నవాళ్లే డాలర్లను లెక్కల్లో చూపకుండా బయటికి తరలిస్తున్నారేమోనని.